రూపాయి బిళ్లంత మచ్చ

బుల్లెట్టు పలకడం లేదు. అదీ సంగతి. అందానికేం లోటు లేదు. ముదురాకుపచ్చ రంగు, ట్యాంకు మీద చేత్తో గీయించిన బంగారు గీతలు, ముఖం చూసుకోవచ్చు అన్నట్టున్న సైలెన్సరు. ఉయ్యూరులో ఆ వీధిన పోయేవాళ్ళు ఆగి, ఫోటో తీసుకుని మరీ పోతున్నారు. తీరా ఇరవై కిక్కులు కొడితే ఒక్కసారి టుప్పుమని దగ్గి, మళ్ళీ ఉలుకూ పలుకూ ఉండదు.

రామతులసికి ఏడుపొక్కటే తక్కువ. అది వాళ్ళ నాన్న బసవపున్నయ్యగారి బండి. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఇన్‌స్పెక్టరుగా ఆయన ముప్పై ఏళ్ళు ఆ బండి మీదే ఊరూరా తిరిగారు. ఇంటరు చదివే కూతుర్ని దాని మీద కూర్చోబెట్టి, ఫ్యాక్టరీ రోడ్డులో వెనక పరుగెత్తుతూ నేర్పించారు కూడా. ఆయన పోయి మూడేళ్ళు. పోయిన ఏడాదంతా కూతురే నడిపింది. ఈ వేసవిలో ముచ్చటపడి రంగులు వేయించింది. అంతే, అప్పట్నించి మూగనోము పట్టింది.

నలుగురు మెకానిక్కులు చూశారు. ఒకాయన ప్లగ్గు మార్చాడు. ఇంకొకాయన కార్బురేటరు కడిగాడు. మూడో ఆయన కాయిలూ, కండెన్సరూ, పాయింట్లూ అన్నీ కొత్తవి వేసి, "ఇప్పుడు చూడండి మేడమ్, గుర్రం!" అన్నాడు. గుర్రం లేదు, గాడిదా లేదు. నాలుగో ఆయన మాత్రం చెయ్యి కడిగేసుకుని, "వయసైపోయిందండీ దానికి" అన్నాడు. వయసైపోయిందట! ఆ మాటకి రామతులసికి ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో తమ్ముడు బాబీ ఒక బేరం పట్టుకొచ్చాడు. బందరు రోడ్డు మీద కొత్త హోటలు వాళ్ళు గుమ్మం ముందు దిమ్మ కట్టి దాన్ని నిలబెడతారట. ఆయిలు తీసేసి, చక్రాలు కదలకుండా వెల్డింగు చేయిస్తారట. భోజనానికొచ్చినవాళ్ళు ఎక్కి కూర్చుని ఫోటోలు దిగుతారట.

"నాన్న బండిని బొమ్మని చేస్తావుట్రా?"

"నడవని బండి బొమ్మ కాక మరేంటక్కా? షెడ్డులో ఎలుకలు కొట్టే కన్నా నయం కదా. సరే, ఆదివారం పన్నెండింటికి ట్రాలీ ఆటో తెస్తా. ఈలోపు పలికిందా, నీది. లేదంటే హోటలుది."

రోషం కొద్దీ సరేనంది రామతులసి. అని, ఆ రాత్రంతా దిండు తడిపింది.

శనివారం స్కూలు స్టాఫ్‌రూములో తోటి టీచరెవరో చెప్పారు, గుణదలలో అమలమ్మగారని ఉన్నారు, ఒకసారి ఫోన్ చెయ్యండి అని. ఆమె భర్త అబ్రహాముగారికి పాత బళ్ళ కరెంటు పని చేసే కొట్టుండేదట. ఆయన పక్కన పీటేసుకుని కూర్చుని పని నేర్చిన మనిషి, ఆయన పోయాక కొట్టు మూయలేదట. రామతులసి ఫోన్ చేస్తే అవతల్నుంచి ఒకటే మాట: "రేపు చర్చిలో మొదటి పూజ అయ్యాక బస్సెక్కుతానమ్మా."

అన్నట్టే ఆదివారం తొమ్మిదిన్నరకి బస్సు దిగింది. అరవై దాటిన మనిషి. తెల్ల నూలు చీర, మెళ్ళో మేరీమాత పతకం, చేతిలో బియ్యం సంచి. ఈవిడా బాగుచేసేది అని రామతులసి గుండె జారిపోయింది. కాఫీ తాగి, సంచిలోంచి పానా తీస్తుందేమోనని చూస్తే, అమలమ్మ కుర్చీ లాక్కుని బండికెదురుగా తీరిగ్గా కూర్చుంది.

"కొట్టండి కిక్కు."

రామతులసి కొట్టింది. పదో కిక్కుకి టుప్పుమంది.

"చాల్లే. లైటెయ్యండి." లైటు భేషుగ్గా వెలిగింది. హారను వీధంతా మోగింది. "చివరిసారి ఎప్పుడు నడిచింది?"

"రంగుల షెడ్డుకి నడుపుకుంటూనే తీసుకెళ్ళానండీ."

"షెడ్డు నుంచి?"

"ట్రాలీలో తెచ్చారు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా పలకలేదు."

"మరి ఆ నలుగురూ రంగు సంగతి అడగలేదా?"

"రంగు చాలా బాగుందన్నారండీ."

అమలమ్మ పడీపడీ నవ్వింది. "బాగానే ఉందమ్మా. అక్కడే వచ్చింది తంటా!"

సంచిలోంచి మూరెడు వైరు తీసింది. ఒక కొసను ఇంజను మీద బోల్టుకి చుట్టింది. రెండో కొసను బ్యాటరీ ఎర్తు తీగకి తగిలించి, అలాగే పట్టుకుంది. "ఇప్పుడు కొట్టండి."

ఒకే ఒక్క కిక్కు. డుగ్... డుగ్... డుగ్... అంటూ షెడ్డు రేకులు అదిరిపోయాయి. గోడ మీది కాకి లేచిపోయింది. రామతులసి రెండు చేతులతో నోరు మూసుకుంది. నలుగురు మగవాళ్ళు నెల రోజులు కుస్తీపట్టిన బండిని, చీర కుచ్చిళ్ళు నలక్కుండా మూరెడు వైరుతో పలికించింది మహాతల్లి! కాళ్ళకి దణ్ణం పెడదామా అనిపించింది.

అమలమ్మ వైరు తీసేసింది. బండి ఆగిపోయింది.

"కరెంటు ప్లగ్గు దాకా పోతే సరిపోదమ్మా, తిరిగి బ్యాటరీకి చేరాలి. ఇంజనుకీ చట్రానికీ మధ్య అంత మందాన లప్పం, రంగూ పూసేస్తే ఎలా చేరుతుంది? లైటుకి వేరే దారుంది, దానికేం బాధ లేదు."

రామతులసి సిగ్గుతో చచ్చిపోయింది. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి ఆ పాఠమే చెబుతోంది. వలయం పూర్తి కాకపోతే బల్బు వెలగదని బోర్డు మీద బొమ్మ గీసి, పిల్లల చేత చెప్పిస్తోంది. ఇంట్లో బండికి వచ్చేసరికి ఆ పాఠమే గుర్తుకు రాలేదు!

అమలమ్మ వంగి, ఇంజను వెనక చట్రానికి బిగించిన బోల్టు చుట్టూ వేలితో తడిమింది. "పాత రంగున్నప్పుడు ఇక్కడ ఇనుము తేలి ఉండేదా? రూపాయి బిళ్లంత?"

రామతులసి వంగి ఆ చోటు చూసింది.

ఉండేది. ఆ మచ్చ చిన్నప్పట్నించి ఎరుగును. ప్రతి ఆదివారం నాన్న తలంటుకునే ముందు లుంగీ ఎగ్గట్టి, చిన్న గరుకు కాగితం ముక్కతో అక్కడ బరబరా రుద్దేవారు. తుప్పు వదలగొడుతున్నారు కాబోలనుకునేది. ఆ మచ్చ ఒక్కటీ అసహ్యంగా ఉందని, దగ్గరుండి మరీ పెయింటరుకి చెప్పింది. ఇక్కడ రెండు పూతలు ఎక్కువ లప్పం పెట్టు బాబూ, కనపడకూడదు అని.

"నేనే పూడ్పించానండీ" అంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నాన్న ముప్పై ఏళ్ళు రుద్దిన చోటు. నేనే."

"పూడ్చిన చేత్తోనే తియ్యండి మరి." అమలమ్మ బోల్టు ఊడదీసి, ఉప్పుకాగితం ముక్క ఆమె చేతిలో పెట్టింది. "నేను చేస్తే నిమిషం పని. కానీ రేపు మళ్ళీ తుప్పు పడితే ఉయ్యూరు ఎవరొస్తారు? మీ నాన్నగారు పని తెలిసిన మనిషమ్మా. ఆయన్ని చూడకపోయినా చెబుతున్నా."

రామతులసి నేల మీద కూర్చుంది. అంత ముచ్చటపడి వేయించిన రంగు పొడి పొడిగా ఒళ్ళో రాలుతోంది. మొదట్లో ప్రాణం ఉసూరుమంది. రుద్దగా రుద్దగా ఇనుము తెల్లగా తేలాక, నాన్న చెయ్యి ముట్టుకున్నట్టే అయింది. ఏడుస్తూనే రుద్దింది. అమలమ్మ సంచిలోంచి గుడ్డపేలిక తీసి అందించింది, ఆనక బోల్టు మళ్ళీ బిగించింది.

పన్నెండింటికి పావుగంట ఉందనగా వీధి మొగలో ట్రాలీ ఆటో ఆగింది. బాబీ దిగాడు. గేటు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాడు. వైరు లేదు, సాయం పట్టినవాళ్ళు లేరు, బండి తన మానాన తాను డుగ్ డుగ్ మంటోంది.

"నాన్న ఇంటికొచ్చినట్టుందక్కా" అన్నాడు.

"ఎక్కించేదా సార్?" ట్రాలీ డ్రైవరు తాడు పట్టుకుని వెనకాలే వచ్చాడు.

బాబీ అక్క వంక చూశాడు. అక్క చీర కొంగు నడుముకి దోపుకుని, బండెక్కి కూర్చుంది.

"రండి అమలమ్మగారూ, బస్సెందుకు? గుణదల దాకా దింపుతాను."

"నన్నా? ఈ బండి మీదా?" అమలమ్మ ముఖం చిన్నపిల్లలా విప్పారింది. "ఇన్నేళ్ళు ఎన్ని బళ్ళు బాగుచేశానో! ఒక్కరూ ఎక్కించుకోలేదమ్మా." బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని, రామతులసి భుజం గట్టిగా పట్టుకుంది.

"మరి హోటలాయనకి ఏం చెప్పనక్కా?" బాబీ అరిచాడు.

"బండి ఖాళీ లేదని చెప్పు!"

గేటు దాటబోతూ ఏదో గుర్తొచ్చి ఆగి, కొంగు ముడిలోంచి ఉప్పుకాగితం ముక్క తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "వచ్చే ఆదివారం నీ వంతు."