సూప్ ఎరగని సూప్ గిన్నె

నేను ఒక పింగాణీ గిన్నెను. అయితే ఏంటట అని పెదవి విరవకండి. జపాన్‌లో గిన్నెలకు పేరుపడ్డ ఒక కొండప్రాంతపు ఊళ్ళో పుట్టినదాన్ని. వెడల్పాటి నోరు, లోతైన పొట్ట, బయట నిగనిగలాడే నలుపు, లోపల మీగడ తెలుపు. కాల్చిన ఆవంలోంచి నన్ను తీసిన ముసలాయన వేలితో తట్టి, నా మోత విని, "ఇందులో పోసిన సూప్ ఆఖరి చుక్క దాకా చల్లారదు" అని మురిసిపోయాడు. పుట్టగానే అంత మాట చెవిన పడితే గర్వం తలకెక్కకుండా ఎలా ఉంటుంది? రామెన్ అనే నూడుల్స్‌ని నిండు సూప్‌లో తేల్చుకుని తినడమంటే ఆ దేశం వాళ్ళకు ప్రాణం. ఆ సూప్ మోసే ఉద్యోగానికే నేను పుట్టానని నమ్మాను.

నగోయా అనే నగరం నుంచి కితగావా అనే ఆయన వచ్చి నన్నూ నా తోటివాళ్ళనూ కొనుక్కెళ్ళాడు. ఎప్పుడూ మొహం గంటుపెట్టుకుని ఉండే మనిషి. తీరా చూస్తే ఆయన నూడుల్స్ కొట్టులో సూప్ అన్నదే లేదు! మొదటి రోజు నేను సూప్ కోసం నోరు తెరుచుకుని కూర్చుంటే, అడుగున కాస్త చిక్కటి సోయా గుజ్జు, దానిమీద ఘుమఘుమలాడే నూనె వేసి ఊరుకున్నాడు. సూప్ వెనకాల వస్తుందిలే అనుకున్నాను. ఆయన లావుపాటి నూడుల్స్ ఉడికించి, నీళ్ళు వంచేసి, ఆ జల్లిబుట్టలోనే వాటిని ఒక కర్రతో తెగ కుమ్మాడు. పాపం అవేం తప్పు చేశాయో అనుకున్నాను. తప్పు కాదట, అలా కుమ్మితే నూడుల్స్ ఒళ్ళంతా గీసుకుపోయి కాస్త జిగురు ఊరుతుందట, అప్పుడే గుజ్జు వాటిని వదలకుండా పట్టుకుంటుందట. వాటిని నాలో వేసి, మధ్యలో కారంగా వేయించిన ఖీమా, చుట్టూ తరిగిన ఉల్లికాడలు, వెల్లుల్లి, సముద్రపు నాచు, ఎండుచేపల పొడి, నడినెత్తిన గుడ్డు పచ్చసొన పెట్టాడు. తీసుకెళ్ళి తినే ఆయన ముందు పెట్టేశాడు. సూప్ మాత్రం రాలేదు.

అవమానంతో కుమిలిపోతున్నాను. ఇంతలో ఆ తినే ఆయన రెండు పుల్లలతో అడుగునుంచి పైకి కలపడం మొదలుపెట్టాడు. అయ్యా, ఏం చెప్పమంటారు! సొన చిట్లి నూడుల్స్ మీదికి జారింది. ఖీమా కారం, వెల్లుల్లి ఘాటు, చేపపొడి కమ్మదనం అన్నీ వేడికి ఒక్కసారి లేచాయి. అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్నవన్నీ ఒకటైపోయాయి. ఆయన ఒక్కసారి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మాజెసోబా అంటారు దాన్ని, కలిపి తినే నూడుల్స్ అన్నమాట. సూప్ రాలేదన్న బెంగ నాకు పూర్తిగా పోయిందని అనను గానీ, ఆ వాసనకి మాత్రం ఆ రోజే దాసోహమన్నాను.

ఆ కొట్టుకి ఒక చలికాలం సూర్యకళ వచ్చింది. టెక్కలి దగ్గర పల్లెటూరి పిల్ల. నగోయాలో వయసు మళ్ళిన వాళ్ళ ఆసుపత్రిలో నర్సు. అక్కడి భాష రాదు, మంచు కొత్త, తినడానికి ఏదీ సహించదు. మొదటిసారి నా ముందు కూర్చున్నప్పుడు ముక్కు ఎర్రబడి ఉంది, చలికో ఏడుపుకో నాకు తెలీదు. బాగా కలుపుకుని నోట్లో పెట్టుకోగానే "కారం!" అని తెలుగులో అంది. ఇంటి గడప తొక్కినంత సంబరం ఆ ఒక్క మాటలో. తర్వాత ప్రతి సెలవు రోజూ వచ్చేది. కొన్నాళ్ళకు బల్లకు ఇవతలి నుంచి అవతలికి మారి, ఆప్రాన్ కట్టుకుని, నూడుల్స్ కుమ్మడం నేర్చుకుంది. కితగావా ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు. ఆమె కుమ్మిన నూడుల్స్ మాత్రం మాట్లాడకుండా తానే తినేవాడు, అదే ఆయన మెప్పు.

ఉద్యోగం మానేసి, విశాఖపట్నంలో ఇదే కొట్టు పెడతానని ఆమె చెప్పిన రోజున ఆయన నన్నూ, ఇంకొన్ని గిన్నెల్నీ పాత గుడ్డల్లో చుట్టి ఇచ్చాడు. "సూప్ అడుగుతారు. భయపడి పోసెయ్యకు" అన్నాడు. అంతకు మించి దీవెన లేదు.

అడిగారండీ. పెదవాల్తేరులో ఆమె అక్క మొగుడు గురునాథంగారి గదిలో కొట్టు తెరిచిన నాటి నుంచీ అదే పాట. "సూపేది?" "ఇంత పొడిగా ఉందేంటి?" "కొరియా సీరియల్లో నిండా ఉంటుంది కదా!" సూర్యకళ ఓపిగ్గా చెప్పేది. వాళ్ళు ఓపిగ్గా వినేవాళ్ళు. విని, కలపకుండా, పైపైన ఉల్లికాడలు ఏరుకుని తిని, అడుగున గుజ్జంతా అలాగే వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు. పైన చప్పగా, అడుగున ఉప్పగా ఉంటే ఎవడికి మాత్రం నచ్చుతుంది?

ఒకాయన మరీ ఘనుడు. పరోటాకైనా బిర్యానీకైనా పక్కన షేర్వా ఉండాల్సిందేనని నమ్మిన మనిషి. ఇక్కడ లేదంటే లేచి వెళ్ళి, పక్కనున్న బిర్యానీ హోటల్లో ఒక పొట్లం షేర్వా తెచ్చి, మూతి కొరికి, మొత్తం నాలో కుమ్మరించేశాడు. చూశారా, జన్మలో మొదటిసారి నా కడుపు నిండా పులుసు! పండగ చేసుకోవాలా వద్దా? నాకు వెక్కసంగా అనిపించింది. చేపపొడి వాసన చచ్చిపోయింది, సొన నీరుగారిపోయింది, అంత కష్టపడి గీతలు పెట్టిన నూడుల్స్ మీంచి గుజ్జంతా కడిగేసినట్టు పోయింది. "ఇప్పుడు బాగుంది" అన్నాడాయన. సూర్యకళ వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని మొహం కడుక్కుంది.

గురునాథంగారు చెడ్డవాడేం కాదు. మరదలి మీద అభిమానంతోనే గది ఇచ్చాడు. రోజూ ఒకసారి వచ్చి ఖాళీ కుర్చీలు చూసి నిట్టూర్చేవాడు. ఆయన కూడా ఏనాడూ కూర్చుని తినలేదు, నిలబడి పైనుంచి నాలుగు పోగులు లాగి "బానే ఉందిలే" అనేవాడు. ఆ శనివారం సాయంత్రం మాత్రం తేల్చి చెప్పేశాడు.

"కళా, సోమవారం నుంచి సూపు పొయ్యి. నాకేటి నీ మీద కోపమా? జనం అడిగింది ఎట్టకపోతే కొట్టెలాగ నడుస్తాది? నువ్వు పొయ్యనంటే గది బిర్యానీవోళ్ళు అడుగుతున్నారు, ఇచ్చెస్తాను."

"పోస్తే అది ఇది కాదు బావా," అంది సూర్యకళ. "ఈ రుచే లేకపోతే ఆ దేశంలో నేను ఒక్క చలికాలం కూడా నిలబడేదాన్ని కాదు. ఇదే పెడదామనొచ్చాను. వేరేది పెట్టడానికైతే నేనెందుకు?"

"మరి తినీవోళ్ళేరీ?" అన్నాడాయన.

ఆదివారం మధ్యాహ్నం ఒక ముసలావిడ, కాలేజీ చదువుతున్న మనవరాలు వచ్చారు. ముసలావిడ పేరు సన్యాసమ్మ, మనవరాలు దీక్షిత. ఇద్దరూ బీచ్ చూడ్డానికి గాజువాక నుంచి వచ్చారని వాళ్ళ మాటల్లో తెలిసింది. మరో రెండు బల్లల దగ్గర కొందరున్నారు. గురునాథంగారు కూడా ఉన్నాడు, రేపు సూప్ కాయడానికి పెద్ద పొయ్యి ఎక్కడ పెట్టాలా అని జానలతో గోడ కొలుస్తున్నాడు. సూర్యకళ అటు చూడకుండా నూడుల్స్ కుమ్ముతోంది. ఇదే ఆఖరి రోజని తెలిసి కూడా ఆ చేతిలో ఒక్క దెబ్బ తగ్గలేదు. ఆ పిల్లంటే నాకెంత గౌరవమో అప్పుడే తెలిసింది.

నన్ను తెచ్చి ముందు పెట్టగానే దీక్షిత మూతి ముడిచింది. "సూప్ లేదేంటి నాన్నమ్మా? నేను చెప్పింది ఇది కాదు."

సన్యాసమ్మ నాలోకి తొంగి చూసింది. "ఏటమ్మా ఇది, అన్నీ ఎడమెడంగా ఎట్టీసినావు?"

"కలుపుకోవాలమ్మా. అడుగునుంచి, బాగా," అంది సూర్యకళ. చెప్పి చెప్పి గొంతులో ఆశ కూడా లేదు.

"కలపడవే కదా?" అని లేచి, చెయ్యి కడుక్కొచ్చి, పుల్లలు పక్కన పెట్టేసి, సన్యాసమ్మ చెయ్యి పెట్టింది నాలో.

నన్ను నమ్మండి, ఎన్ని వేలమంది నాలో తిన్నారో గానీ తినేవాళ్ళ చెయ్యి నా లోపల తగలడం అదే మొదలు. వేళ్ళు నా గోడ వెంబడి అడుక్కి దిగి, గుజ్జుని పైకి తెచ్చి, నూడుల్స్ తెగకుండా మడిచి, మళ్ళీ దిగాయి. కాలుతుంటే ఊదుకుంది గానీ ఆపలేదు. పుల్లలకు తెలియని పొడి చోటు వేళ్ళకు తెలుస్తుంది, అక్కడ ఇంకోసారి తిప్పింది. పోగు పోగుకీ గుజ్జు పట్టి, సొన మెరుపు ఎక్కి, కమ్మటి వాసన గదంతా కమ్మింది. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పారు. కితగావా కొట్టులో కూడా నాలో అంత అందంగా ఎవరూ కలపలేదు. ఆయనకి వినపడదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఒక ముద్ద చేసి మనవరాలి నోటికి అందించింది. దీక్షిత అందరూ చూస్తున్నారని సిగ్గుపడుతూనే నోరు తెరిచింది. నమిలింది. సూప్ ఊసెత్తకుండా మళ్ళీ నోరు తెరిచింది.

ఇద్దరూ తినేశారు. అడుగున ఖీమా ముక్కలతో కాస్త గుజ్జు మిగిలింది. సన్యాసమ్మ నన్ను తోసెయ్యలేదు. "ఇంత గుజ్జు వదిలీమంతావేటమ్మా? ఆవకాయ కలిపిన బేసినులో ఆఖర్న అన్నం కలపమా? గుప్పెడన్నం ఎట్టు."

సూర్యకళ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మీకో సంగతి చెప్పాలి. నగోయాలో అచ్చం ఇలాగే చేస్తారు. నూడుల్స్ అయ్యాక మిగిలిన గుజ్జులో వేడన్నం వేసి ఇస్తారు, అది తింటేనే తిన్నట్టు. ఈ పిల్ల ఇక్కడ దాన్ని మానేసింది. నూడుల్స్ కొట్టులో అన్నం పెడితే జనం నవ్వుతారని జంకింది. పెట్టి ఉంటే ఇన్నాళ్ళూ అడుగున ఏముందో అందరికీ తెలిసేది కదా!

అన్నం వండలేదు. ఉన్నది ఆమె మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న క్యారేజీలోదే. దాన్ని ఆవిరి మీద వేడిచేసి తెచ్చి మొత్తం నాలో బోర్లించేసింది.

సన్యాసమ్మ కలిపింది. నా గోడలకు అంటుకున్నదంతా ఊడ్చి ముద్దలు చేసింది. ఆవకాయ రోజున బేసినులో అన్నం ఒక్కరే తినరు కదా, ఆమెకు అదే అలవాటు. మనవరాలికి ఒకటి పెట్టి, పక్క బల్లల వైపు తిరిగి "చెయ్యి పట్టండి" అంది. ఎవరో తెలియని వాళ్ళు, ఐటీ కంపెనీ బ్యాడ్జీ మెళ్ళో వేసుకున్న ఒకాయనతో సహా, అరచేతులు చాపారు. గోడ దగ్గర నిలబడ్డ గురునాథంగారికీ పెట్టింది. వద్దనబోయాడు గానీ చెయ్యి అప్పటికే చాచేశాడు.

నోట్లో వేసుకున్నాడు. ఎప్పుడూ గబగబా మింగేసే మనిషి మెల్లిగా నమిలాడు. అరచెయ్యి చూసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని నాకేశాడు. పక్క బల్లవాళ్ళు, "మాకూ అన్నం తెండి, మేమూ కలుపుకుంటాం" అని అడుగుతున్నారు. సూర్యకళ ఖాళీ క్యారేజీ ఎత్తి చూపించింది.

"అన్నం అయిపోయింది బావా," అంది.

"అయిపోతే వొండు. నేను బియ్యం తెస్తాను," అంటూ ఆయన చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "సూపు పోసేస్తే ఈ గుజ్జెక్కడుంటాదే? కొట్టుకుపోదూ?"

సూర్యకళ ఏడ్చింది. ఈసారి కొళాయి తిప్పుకోలేదు. సన్యాసమ్మ ఎంగిలి చెయ్యి ఎడంగా పెట్టుకుని ఇంకో చేత్తో ఆ పిల్ల భుజం తట్టింది. ఎందుకు ఏడుస్తోందో ఆమెకు తెలీదు, అడగలేదు కూడా.

నాకిప్పుడు నోటి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. గిరాకీకి పెట్టడం మానేశారు. అల్మారాలోకి పోతాననుకున్నాను గానీ, నేనిప్పుడు సూర్యకళ సొంత గిన్నెను. కొట్టు తెరిచిన కొత్తలో ఆమె తన వంట తానే తినేది కాదు, ఎవరూ తిననిది తినబుద్ధయ్యేది కాదేమో. ఇప్పుడు మధ్యాహ్నం జనం పల్చబడ్డాక నూడుల్స్ కుమ్ముకుని, నాలో వేసుకుని, ఆ మూల కుర్చీలో కూర్చుంటుంది. పుల్లలు ముట్టదు. చెయ్యి కడుక్కుని అడుగునుంచి కలుపుతుంది. ఆమె తినడం అయ్యేసరికి కడగడానికి నాలో ఏమీ మిగలదు.