అభ్యంతరాలు లేవు

బస్సు రూటు ఎత్తేసే ముందు జనం మాట వినాలని మా ఆఫీసులో రూలు. వినడమే నా ఉద్యోగం. ఇన్నేళ్లలో నా చెవులు చిల్లులు పడి ఉండాలి. మా సభలకు ఎవరూ రారు కాబట్టి భద్రంగానే ఉన్నాయి.

ఆరోజు కొండ అవతలి కాలనీ బస్సు వంతు. ఎక్కేవాళ్లు లేక నష్టమట. మా పిన్ని ఉండేది ఆ కాలనీలోనే. హాలు నిండా కుర్చీలు వేసి, నేనూ మా పెద్దసారూ సాయంత్రం దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం.

"చూశావా, ఎవడికీ పట్టలేదు. అభ్యంతరాలు లేవని రాసి పారెయ్," అని ఆయన ఆవులించారు.

నాకు ఒళ్లు మండింది. అయినా రాశాను. నోరు చేసుకునే ఓపిక ఎప్పుడో పోయింది.

సంతకం పెడుతుంటే పిన్ని ఫోను చేసింది. "ఏరా, మీటింగ్ అయిపోయిందా? కాలనీ అంతా మధ్యాహ్నం నుంచి స్టాపులో పడిగాపులు కాస్తున్నాం. బస్సు జాడే లేదు!"

కిటికీలోంచి చూశాను. ఆ బస్సు మా ఆవరణలోనే ఉంది. సభకొచ్చే జనం కోసం పక్క డిపో నుంచి కుర్చీలు తెచ్చింది అదే. సభయ్యాక వాటిని తిరిగి అప్పగించాలని పెద్దసారు దాన్ని ఇక్కడే ఆపేశారు.

ఆ సంగతే పిన్నికి చెప్పాను.

"మాకు కుర్చీలెందుకురా," అంది. "ఆ బస్సులో రోజూ నుంచునేగా వచ్చేది."