అల్లిక దారానికి మరో ముడి

ఆ ఆదివారం మామగారు చెరువు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన దగ్గర్నుంచి చేపలు పట్టడమే ఆయన ఉద్యోగం. కొత్తగా రీలుకు చుట్టించుకున్న, సన్న పోగుల్ని జడలా అల్లి చేసిన అల్లిక దారం ఏనుగునైనా లాగుతుందని దుకాణంవాడు చెప్పాడు. ఆ దారంతోనే వరసగా రెండు పెద్ద చేపలు గాలంతో సహా చక్కా పోయాయి.

"నాసిరకం దారం అంటగట్టాడు," అని గొణుక్కుంటూ గాలం కర్రను ముందుగది గోడకు ఆనించాడు.

ముందుగది కోడలిది. ఆమె దర్జీ. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని చుట్టుపక్కల వాళ్ళ బట్టలు కుడుతుంది. మామకూ కోడలికీ మధ్య "భోంచేశారా?" "అయిందమ్మా" అన్నంత వరకే మాటలు. ఒకరంటే ఒకరికి పడక కాదు, ఇద్దరికీ మొహమాటం.

కర్ర నుంచి వేలాడుతున్న దారం వచ్చి ఆమె కుడుతున్న గౌను మీద పడింది. తీసి పక్కన పెట్టబోయిన కోడలు ఆగి, దాని కొసను వెలుతురుకు పెట్టి చూసింది.

"మామయ్యా, ఇది తెగలేదు."

"తెగకపోతే గాలం ఏదమ్మా?"

"తెగిన దారమైతే కొసన పీచు లేస్తుంది. ఇది కత్తిరించినట్టే ఉంది. ముడేశాక మీరు కత్తిరించుకున్న కొసే ఇది. ముడి జారిపోయింది."

మామగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "చిన్నప్పట్నుంచీ ఇదే ముడి వేస్తున్నాను. ఏనాడూ జారలేదు."

"నైలాను మీద వేసుంటారు. ఇది పట్టుదారంలా నున్నగా ఉంది కదా. నూలుకి వేసిన ముడి పట్టుకి వేస్తే నాకూ ఊడొస్తుంది."

ఇంకొకరైతే ఉడుక్కునేవారు. ఆయన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. "ఏదీ, చూద్దాం పట్టు."

గాలాల డబ్బా, రకరకాల దారాలు మిషను బల్ల మీదికి చేరాయి. కిటికీ ఊచకు దారం కట్టి, రెండో కొసన గాలం ముడేసి, ఆ గాలానికి నీళ్ళ బకెట్టు తగిలించాలని నిర్ణయించారు. ముందు కోడలు సన్న నైలానుకు తనకు తెలిసిన పీటముడి వేసి గట్టిగా లాగింది. బకెట్టు తగిలించకముందే అది పుటుక్కుమంది.

ఈసారి నవ్వు మామగారిది. "నైలాన్ని పొడిగా బిగించకూడదమ్మా. రాపిడికి వేడెక్కి అక్కడే చచ్చుబడుతుంది. ఇలా ఇవ్వు."

గాలం కన్నులోంచి దారం దూర్చి, కొసను దారం చుట్టూ ఐదు మెలికలు తిప్పి, కన్ను దగ్గరి సందులోంచి వెనక్కి తెచ్చాడు. ముడిని నాలుకతో తడిపి మెల్లగా బిగించాడు. బకెట్టు నిక్షేపంగా వేలాడింది. లావు నైలానుకు మాత్రం ఐదు మెలికలు సర్దుకోలేదు, ముడి ఉబ్బుగా నిలబడింది. మూడుకు తగ్గిస్తే చక్కగా కూర్చుంది. ఆ సంగతి ఇద్దరూ కలిసే కనిపెట్టారు.

ఇక మిగిలింది అల్లిక దారం. మామగారు మెలికలు పెంచి, తడిపి, పళ్ళు బిగబట్టి మరీ బిగించాడు. బకెట్టు క్షణం ఆగింది. తరవాత ముడి పాములా జారి, నీళ్ళన్నీ గదిలో పారాయి. చప్పుడుకి వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మొగుణ్ణీ కోడల్నీ మార్చి మార్చి చూసింది.

"ఇల్లు చెరువు చేశారు, బానే ఉంది. ఇక చేపల్ని కూడా ఇక్కడికే రమ్మనండి."

కోడలు నవ్వు ఆపుకోలేక గౌనులో ముఖం దాచుకుంది. మామగారు నవ్వుతూనే నేల తుడిచాడు.

"ఒంటి పోగుతో లాభం లేదు మామయ్యా, రెండు పేటలు చేద్దాం," అంది కోడలు తేరుకుని. దారాన్ని మడిచి, ఆ మడతను గాలం కన్నులోంచి దూర్చింది. దాంతో వదులుగా మామూలు ముడి ఒకటి వేసి, మడత కొసన మిగిలిన ఉచ్చులోంచి గాలాన్నే దాటించింది. "తడపండి," అని అందించింది. ఆయన తడిపి బిగించి, బకెట్టును మళ్ళీ నింపి తగిలించాడు. బకెట్టు ఆగింది. దాని పిడికి ఇస్త్రీపెట్టె కూడా కట్టారు. ఉడుంపట్టు పట్టినట్టు ముడి కదల్లేదు.

మరుసటి ఆదివారం ముగ్గురూ చెరువుకు వెళ్ళారు. కొడుకు రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. ఎర వేసి, కర్రను కాసేపు పట్టుకోమని భార్య చేతికిచ్చి, మామగారు ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.

"ఏవండీ, దీన్ని ఎవరో లాగుతున్నారు," అంది అత్తగారు.

కర్ర విల్లులా వంగింది. రీలు గిర్రున తిరిగింది. ఆయన పరుగెత్తుకొచ్చి చెయ్యి చాచాడు.

"మీరు రెండు పోగొట్టారు. ఇది నాది. ఏం చెయ్యాలో చెప్పండి చాలు."

"లాగకు, పోనీ, పోనీ. ఇప్పుడు చుట్టు. అబ్బబ్బ, మెల్లగా."

చేప ఒడ్డుదాకా వచ్చినట్టే వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. దారం బిగిసి జుమ్మంటోంది. కోడలు వల పట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయింది. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. ఆఖరికి చేపను వలలోకి తోసి, రెండు చేతులా ఎత్తుకుని ఒడ్డెక్కింది. గాలం పెదవికి పట్టి ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. ముగ్గురూ గడ్డిమీద చతికిలబడి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. అత్తగారు చేపను తడి తువ్వాల్లో చుట్టి భుజానికి ఎత్తుకుంది. ఒక కాలేజీ పిల్ల చటుక్కున లేచి సీటిచ్చింది.

"కూర్చోండి ఆంటీ. పాప పడుకుందా?"

"ఇప్పుడేనమ్మా," అంది అత్తగారు తువ్వాలు మీద జోకొడుతూ. "చాలా అల్లరి చేసింది."