పురికొసతో కొలిచిన కాటు

ఈ గొడవ మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. వీధి చివర తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే కొట్టు, దాని వెనక గోడౌను. నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తున ఒక ఇల్లు. ఆ ఇంట్లో నేను చెప్పేదాంట్లో సగమే నమ్మే భార్య. ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోని ఒక నల్ల కుక్క. ఆ కుక్క గురించి నేనేం చెప్పినా నోరెళ్ళబెట్టుకుని వినే ఇద్దరు మనుషులు.

కుక్క పేరు గోనె. గోడౌన్లో గోనెసంచుల మీద పడుకుని దొరికింది కాబట్టి ఆ పేరు. దూడంత ఒళ్ళు. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది ఎప్పుడూ వాలిపోయే ఉంటుంది. 

వినే ఇద్దరిలో ఒకరు కింది అంతస్తు మందుల షాపాయన. భవనం సంఘానికి సెక్రటరీ కూడా ఆయనే. రెండోవారు నాలుగో అంతస్తు టీచరమ్మ, ఉద్యోగం అయిపోయి ఒంటరిగా ఉంటుంది. సాయంత్రం పూట మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ముగ్గురం చేరేవాళ్ళం. మందుల షాపాయన తన పిల్లిని చంకలో పెట్టుకుని వచ్చేవాడు. గిన్నెలో నీళ్ళు పోస్తే అది మొహం తిప్పుకుంటుందట. కుళాయి సన్నగా తిప్పి, ఆయన పక్కనే నిలబడితే తాగుతుందట.

టీచరమ్మది గుప్పెడంత తెల్లకుక్క. తిండి పెట్టగానే గిర్రున మూడు చుట్లు తిరిగితేగానీ మూతి పెట్టదు, అందుకని బొంగరం అని పిలిచేది.

"మొన్న తలుపు కొరికి కింది కోరపన్ను ఊడగొట్టుకున్నాడండీ. పారేయడానికి మనసొప్పక డబ్బీలో దాచాను," అనేది. "ఇక వీడికి ఇంజెక్షన్ అంటే ఎంత భయమో! నేను మనసులో అనుకుంటే చాలు, బీరువాలో దూరి నా బట్టల కింద దాక్కుంటాడు. రెండేళ్ళ నుంచీ ఇదే వరస. ఆ కళ్ళు చూశాక డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్ళను? నేనే మానేశాను."

మేం పకపకా నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. దాచుకోను.

తరవాత నా వంతు. నా దగ్గర ముద్దుగా చెప్పుకునే సరుకు లేదు. ఉన్న నిజం ఒక్కటే. ఒకసారి గోడౌన్లో ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా అటక మీంచి జారి గోనె పక్కనే దబ్బున పడింది. అప్పటినుంచి డబ్బా కనపడితే చాలు, మంచం కింద దూరి, తోక బయటపెట్టి, ఉన్నచోటే తడిపేస్తుంది. టార్పాలిన్ చిరిగిన వైపు లోపలికి మడిచి చూపించడం నాకు అలవాటు. ఇక్కడా అదే చేశాను.

"మావాడికి నీళ్ళ డబ్బా అంటే పడదండీ. మోసుకొచ్చేవాణ్ణి చూశాడంటే ఆపడం నా వల్ల కాదు. ఒకణ్ణి గోడౌను నుంచి నాలుగు రోడ్ల కూడలి దాకా తరిమాడు."

"అమ్మో! సింహమండీ మీవాడు," అని టీచరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆ మాట నాకు తియ్యగా తగిలింది. వారానికి కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. రెండు నెలలు తిరిగేసరికి తరిమించుకున్నవాళ్ళు ముగ్గురయ్యారు.

"ఏవండీ, అది తన నీడకి కూడా పక్కకి తప్పుకుని దారిస్తుంది. ఎందుకండీ ఆ కోతలు?" అంది మా ఆవిడ.

"అమ్మకం సంగతి నీకేం తెలుసే, ఊరుకో," అన్నాను.

ఒక బుధవారం పొద్దున నేను కొట్లో ఉన్నాను. నీళ్ళ డబ్బాలు వేసే ఆయన, మేమందరం బాబాయ్ అని పిలుస్తాం, నాలుగో అంతస్తుకి డబ్బా భుజాన పెట్టుకుని ఎక్కుతున్నాడు. మా గుమ్మం దాటగానే వెనకనుంచి ఏదో వచ్చి మడమ పైన పట్టుకుంది. భుజం మీద అంత బరువుంటే కిందికి చూడటం కుదరదు. డబ్బా జారి పగిలింది, నీళ్ళు మెట్లన్నీ కడుక్కుంటూ కింది దాకా పోయాయి. ఆయన తేరుకుని చూసేసరికి అక్కడ ఏమీ లేదు. మా ఇంటి తలుపు మాత్రం తెరిచి ఉంది. మా ఆవిడ ఇల్లు తుడుస్తోంది.

సాయంత్రం ఇంటికొస్తే తలుపుకి కాగితం అంటించి ఉంది. నా కుక్క మనిషిని కరిచింది కాబట్టి ఆదివారంలోగా దాన్ని భవనంలోంచి పంపేయాలట. కింద సెక్రటరీ సంతకం. ఒళ్ళు భగ్గుమంది. చెప్పులు విప్పకుండానే మందుల షాపుకి దిగాను.

"మా కుక్కేనని ఎవరు చూశారు?"

"మీది కాకపోతే ఇంకెవరిదండీ? ఆపడం మీ వల్ల కాదని మీరేగా చెప్పారు?"

"అవి కోతలండీ. మావాడు డబ్బాని చూస్తే మంచం కింద దూరతాడు."

ఆయన చీటీలోంచి తలెత్తి నవ్వాడు. "నిన్నటిదాకా సింహం, ఇవాళ మంచం కింద! మీ కొట్లో కూడా ఇంతేనా షావుకారు గారూ? ముందొక రేటు, మనిషి వెళ్ళిపోబోతే ఇంకో రేటు?"

అక్కడ మందు కొనడానికి నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. నా సరుకుతో నన్నే కొట్టాడు.

"టీచరమ్మ గారు కూడా చూశారట. తలుపు సందులోంచి నల్లగా ఏదో కిందికి దిగిందట," అన్నాడు. "అయినా మీకు వచ్చిన నష్టమేంటండీ? మీ కుక్కకి సూదులన్నీ వేయించిన పుస్తకం సంఘం ఫైల్లో ఉంది కదా. అదే చెప్పి బాబాయిని పంపేశాను. ఆసుపత్రి అక్కర్లేదు, ఈ ట్యూబు రాసుకో, తగ్గిపోతుందని."

పైకి వచ్చాను. గోనె మంచం కిందే ఉంది.

"పొద్దున డబ్బా మెట్లెక్కుతున్న చప్పుడు విని దూరింది. పగిలినప్పుడు కూడా అక్కడే ఉంది, నేను కళ్ళారా చూశాను," అంది మా ఆవిడ. "వెళ్ళి చెప్పనా?"

"నువ్వు నా భార్యవి. నీ మాట చెల్లదు."

"మీ మాట చెల్లకుండా చేసుకున్నది మీరే," అని వంటింట్లోకి పోయింది.

గురువారం పొద్దున గోనె నోరు తెరిచి పురికొసతో కొలిచాను. తాళ్ళ వ్యాపారికి కొలబద్ద అక్కర్లేదు. పై కోరపళ్ళ మధ్య దూరానికి ఒక ముడి వేశాను. నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ పురికొస జేబులో వేసుకుని, నీళ్ళు నింపే షెడ్డుకి వెళ్ళాను. బాబాయి కుంటుకుంటూ డబ్బాలు ఎత్తుతున్నాడు.

"మీ కుక్కనేం అనకండి షావుకారు గారూ. నోరులేని జీవి, దానికేం తెలుసు?" అన్నాడు నన్ను చూడగానే.

"ముందు కాలు చూపించు బాబాయ్."

ఆయన ప్యాంటు మడిచాడు. పైన రెండు గాట్లు. పురికొస ఆనించి చూస్తే వాటి మధ్య నా బొటనవేలి వెడల్పు కూడా లేదు. ఇంకో ముడి వేశాను. కింద రెండు గాట్లుండాలి కదా? ఒక్కటే ఉంది. రెండోది ఉండాల్సిన చోట చర్మం నున్నగా ఉంది.

డబ్బీలో దాచిన పన్ను గుర్తొచ్చింది. మా గోనె బతికిపోయిందని ఒక్క క్షణం ఎగిరి గంతేయబోయాను. మరుక్షణం బీరువా గుర్తొచ్చింది. ఆ కుక్కకి రెండేళ్ళుగా రేబిస్ సూది లేదు. ఈ మనిషి నా కుక్క పుస్తకం నమ్ముకుని ట్యూబు రాసుకుంటున్నాడు.

"బండెక్కు బాబాయ్."

"ఇంకా ఇరవై డబ్బాలు వెయ్యాలి..."

"డబ్బాలు గంగలో పడనీ. ఎక్కమంటున్నానా?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్నే కుక్క యజమాని అనుకుని కడిగేసింది. "నిన్నే రావాలి. సూది వేసిన కుక్కైనా, వేయని కుక్కైనా రావాలి. ట్యూబు రాసుకోమన్నది ఎవరు, ఆయనేమైనా డాక్టరా? ముందు కరిచిన కుక్కని పది రోజులు కట్టేసి, కళ్ళెదుట పెట్టుకుని చూడండి." పరాయి తిట్లన్నీ తలొంచుకుని తిన్నాను. బాబాయికి గాయం కడిగి, దాని చుట్టూ ఒక మందూ, భుజానికి ఒక సూదీ పొడిచి, మిగతా సూదులకి తేదీలు రాసిచ్చారు.

అక్కడినుంచి నేరుగా నాలుగో అంతస్తు. టీచరమ్మ తలుపు జానెడు తెరిచింది. పురికొస ముడి చూపించి, బాబాయి కాలి మీద కింది గాటు ఒక్కటే ఉందన్నాను. 

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. "అప్పుడే. వాడి నోట్లో ప్యాంటు దారం ఉంది."

"మరి నల్లగా ఏదో దిగిందన్నారే?"

"మీది పెద్ద కుక్క. మీకు గోడౌను ఉంది, అక్కడ పెట్టుకుంటారనుకున్నాను. నావాడికి నేను తప్ప ఎక్కడుంది చోటు? బయట ఒక్కరోజు బతకడు. చిన్నప్పుడు రెండు సూదులు వేయించానండీ..."

"బాబాయికి కూడా ఈ లెక్కే వేశారా? ఆయన పోతే ఇంకో నీళ్ళాయన దొరుకుతాడనా?"

నేను కేకలేసినట్టున్నాను, మూడో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ వేసిన లెక్కలో తప్పు లేదు, గోనె నిజంగానే గోడౌన్లో బతకగలదు. అదే నన్ను ఎక్కువ మండించింది. నన్ను అడక్కుండా, నా వస్తువు పెట్టి, తన బాకీ తీర్చుకుంది.

"రేపు సాయంత్రం మీటింగులో మీ నోటితో మీరే చెప్పండి. అప్పటిదాకా గుమ్మం దాటనివ్వకండి దాన్ని," అని దిగిపోయాను.

శుక్రవారం సాయంత్రం కింద, బళ్ళు పెట్టుకునే చోట కుర్చీలు వేశారు. ఇరవైమంది దాకా వచ్చారు. టీచరమ్మ ఒక మూల కూర్చుని నేల చూస్తోంది. గోనెని తాడు పట్టుకుని తీసుకొచ్చాను. సెక్రటరీ గొంతు సవరించుకుని, "ఆదివారం గడువు విషయం..." అనబోయాడు. నేను గేటు వైపు చెయ్యి ఊపాను. బాబాయి డబ్బా భుజాన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

గోనె చూసింది. అంత ఒంటినీ సెక్రటరీ ప్లాస్టిక్ కుర్చీ కింద దూర్చబోయింది. కుర్చీ లేచింది, దానితోపాటు సెక్రటరీ కూడా లేచాడు. ఆయన బూట్ల పక్కనే మడుగు కట్టింది.

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. అది గజగజ వణుకుతోంది. దాని భయాన్ని నా డాంబికంగా తొడుక్కుని తిరిగాను. ఇప్పుడు దాన్ని కాపాడటానికి ఇంతమంది ముందు మళ్ళీ ఆ భయాన్నే బయటికి లాగాను. మా ఆవిడ వచ్చి నా చేతిలోంచి తాడు లాక్కుని దాన్ని పైకి తీసుకుపోయింది.

"సరే, మీది కాదు. మరి ఎవరిది?" అన్నాడు సెక్రటరీ ప్యాంటు దులుపుకుంటూ.

పురికొస బల్ల మీద పెట్టాను. "ఇదీ కాటు కొలత. భవనంలో ఉన్న నోళ్ళన్నీ కొలుద్దాం. మీ పిల్లితో మొదలుపెడదామా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు లెండి. మనిషి బాగానే ఉన్నాడు కదా, ఇక్కడితో వదిలేద్దాం."

"నా కుక్క అయితే ఆదివారం గడువు. మీ పిల్లి పేరెత్తేసరికి వదిలేద్దామా? మనిషి బాగున్నాడో లేదో మీకెలా తెలుసు? మీ ట్యూబు చెప్పిందా?"

ఆయన ఏదో అనబోయాడు. ఈలోగా బాబాయి డబ్బా దించి, మూలకి తిరిగాడు.

"టీచరమ్మా, నాలుగో అంతస్తుకి ఎక్కివస్తే కాసేపు కూర్చోమనేవారు. ఈ రెండు రోజులుగా నా గొంతు వినగానే గడియ వేసుకుంటున్నారు. నేనేం తప్పు చేశానమ్మా?"

టీచరమ్మ లేచి నిలబడింది. "మా బొంగరమే కరిచాడు," అంది. గొంతు అందరికీ వినపడలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

సెక్రటరీ అప్పటికే కొత్త కాగితం తీసి కలం విప్పాడు. "అయితే ఆదివారంలోగా ఆ కుక్కని..."

"కలం మూయండి," అన్నాను. "బయటికి పంపేస్తే పది రోజులు దాన్ని ఎవరు చూస్తారు? అది ఎక్కడుందో, ఏమైందో తెలియకపోతే బాబాయికి ఏం చెప్తారు? ఇంకో ట్యూబు ఇస్తారా? నా గోడౌన్లో కట్టేస్తాను." టీచరమ్మ నా వైపు చూసి చేతులు జోడించబోయింది. "దయ అనుకోకండి. మీ కోసం కాదు, ఆయన కాలు కోసం."

పది రోజులు బొంగరం గోడౌన్లో జాలీ వెనక ఉంది. టీచరమ్మ రోజూ వచ్చి నాలుగు బారల దూరంలో తాళ్ళచుట్ట మీద కూర్చునేది. పెట్టిన తిండి చుట్టూ అది మూడు చుట్లు తిరుగుతోందా లేదా అని నేనూ చూసేవాణ్ణి, ఆవిడా చూసేది, పనయ్యాక బాబాయి కూడా వచ్చి చూసేవాడు. ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆరో రోజు ఆవిడ "నన్ను క్షమించండి" అంది. "అది బాబాయికి చెప్పండి" అని కొట్లోకి వచ్చేశాను. చెప్పినట్టుంది. ఆయన తల ఊపడం తలుపు సందులోంచి కనపడింది.

పదకొండో రోజు పొద్దున కూడా కుక్క గిర్రున తిరిగింది, తిన్నది, మొరిగింది. టీచరమ్మ దాన్ని చంకలో పెట్టుకుని నేరుగా పక్క వీధి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయించింది. దాని అరుపు మా కొట్టు దాకా వినపడింది.

అంతా అయ్యాక మిగిలింది చెబుతాను. బాబాయి సూదులన్నీ పూర్తిచేసుకుని, రెండు కాళ్ళ మీద మెట్లెక్కుతున్నాడు. మా అంతస్తు డబ్బా మాత్రం కిందే దించేస్తాడు, నేనే దుప్పటి కప్పి పైకి మోసుకొస్తాను. గోనె నా ఇంట్లో ఉంది. మా ఆవిడ నా మాటలో ఇప్పుడు పావువంతు నమ్ముతుంది. టీచరమ్మ మెట్ల మీద ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది, నేను ఆగను. సెక్రటరీ నమస్కారం పెడతాడు, నేను పెట్టను. కోపం చల్లారలేదు. అందులో సగానికి పైగా నా మీదే.