చెవిటోడి కూతురు

శనివారం మధ్యాహ్నం ఎన్కార్నా తన గిటార్‌కున్న ఆరు తీగలూ విప్పేసి, వాటి చోట సన్నటివి బిగించింది. తర్వాత బిరడాలు తిప్పుతూ ఒక్కో తీగనూ అసలు శృతికంటే రెండు మెట్లు పైకి లాగింది. మామూలు తీగలైతే అంత బిగింపుకు తెగిపోతాయి. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో ఉన్నది వాళ్ల నాన్న ఫ్రాస్కో ఒక్కడే.

మర్నాడు మధ్యాహ్నం హెరెస్ ఊళ్లోని శాంతియాగో పేటలో, ఫ్లమెంకో పాటల సంఘం హాల్లో పెరికో సర్మియెంతోకి సన్మానం. డెబ్బై నాలుగేళ్ల పాటగాడు. అతని పక్కన ఎప్పుడూ వాయించే మనిషి మెట్లమీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకోవడంతో సంఘం వాళ్లు ఎన్కార్నాని పిలిచారు. గోడలకు అంటించిన కాగితంలో అడుగున ఇలా వేశారు: గిటార్ – చెవిటోడి కూతురు.

ఆ పేటలో ఎవరికైనా ఒక పేరు తగులుకుందంటే మనవల కాలానికి కూడా ఊడదు. ఫ్రాస్కోకి ఆ పేరు తగిలించింది సర్మియెంతోనే. పందొమ్మిదేళ్ల కిందట సెవీయా నుంచి రికార్డింగు వాళ్లు వచ్చారు. సర్మియెంతో అప్పటికి రెండు రోజులుగా తాగుతున్నాడు. ఫ్రాస్కో గిటార్ మీద, సిగిరియా అనే దుఃఖపు పాట పాడుతుంటే పై స్వరం అందక గొంతు జారింది. వెంటనే పాట ఆపి, జనంవైపు తిరిగి నవ్వాడు. "ఏమనుకోకండి బాబూ. మా ఫ్రాస్కో పొద్దస్తమానం పీపాల మీద సుత్తి కొట్టి చెవులు పోగొట్టుకున్నాడు. గిటార్ శృతిలో లేదు."

హాలంతా నవ్వింది. ఫ్రాస్కో వైన్ గిడ్డంగిలో పీపాలు చేసేవాడన్నది నిజమే. గిటార్ మాత్రం వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఆ మాట అతను కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు, ఎవరూ మళ్లీ వాయించడానికి పిలవలేదు. అతను గిటార్‌ని గోడకు తగిలించి మళ్లీ ముట్టుకోలేదు. ఎన్కార్నాకు అప్పుడు పదకొండేళ్లు. తనకు వచ్చిందంతా ఆమెకు నేర్పాడు గాని, ఒక్కసారి కూడా వాయించి చూపించలేదు. అన్నం బల్ల దగ్గర కూచుని వేలి కణుపులతో తాళం వేసేవాడు, వరసలన్నీ నోటితో పలికేవాడు. తప్పితే, "కాదు. మళ్లీ" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. శనగలూ పంది మాంసమూ కలిపి వండిన పులుసు వాసన వంటగదిలోంచి ముందు వరస దాకా వస్తోంది.

"మీ నాన్న రాలేదేమే?" అని అడిగింది ముందు వరసలో కూచున్న మనొలిత అత్త.

"రానన్నాడు అత్తా."

"వస్తే మాత్రం వినపడొద్దూ" అన్నాడు వెనకనుంచి ఎవరో. నలుగురూ నవ్వారు. ఎన్కార్నా తల దించుకుని తీగలు తుడుచుకుంది.

సర్మియెంతో తెల్ల చొక్కా, మెడకు చుక్కల గుడ్డతో వచ్చి కుర్చీలో కూచున్నాడు. హాలంతటికీ వినబడేలా, "పట్టీ నాలుగో మెట్టు మీద పెట్టమ్మా. సర్మియెంతో ముప్ఫయ్యేళ్లుగా నాలుగే" అన్నాడు.

"నాలుగే, మాస్ట్రో" అంటూ ఎన్కార్నా, శృతి పెంచే చెక్క పట్టీని గిటార్ మెడమీద నాలుగో మెట్టు దగ్గర బిగించింది. చూసేవాళ్లకు అది నాలుగు. పాడేవాడి గొంతుకు ఆరు.

మొదటి ఆలాపనలోనే అతని కళ్లు బెదిరాయి. పట్టీవైపు చూశాడు. నాలుగు దగ్గరే ఉంది. మెడ నరాలు తాళ్లలా లేచాయి, గొంతు చీలింది. పగిలిన గొంతంటే ఆ పేటవాళ్లకు ప్రాణం. కాని దుఃఖానికి పగిలిన గొంతేదో, అందక పగిలిన గొంతేదో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడో పాటకల్లా ముందు వరసవాళ్లు ఆలివ్ గింజలు పళ్లెంలో ఉమ్ముతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పాపం, పెద్దాయన" అంది మనొలిత అత్త.

ఆ మాట ఎన్కార్నా చెవిన పడింది. పాపం అనిపించుకోవడం ఎలా ఉంటుందో వాళ్ల నాన్నకు తెలుసు. ఇక ఇతనికీ తెలుస్తుంది. ఆమె వేళ్లు మరింత చురుగ్గా కదిలాయి.

సగం కార్యక్రమం అయ్యాక, సీసాలు పేర్చిన వెనక గదిలోకి సర్మియెంతో ఆమె వెంటే వచ్చి తలుపు మూశాడు.

"ఎంత లాగావే పిల్లా?"

అబద్ధమాడాలని ఎన్కార్నాకు అనిపించలేదు. "రెండు మెట్లు."

అతను పీపా మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "రెండా. ఒకటే అనుకున్నాను. అయితే నా గొంతు ఇంకా నిక్షేపంగా ఉందన్నమాట. ఎంత భయపడి చచ్చానో తెలుసా." కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు వెళ్లి వాళ్లకు చెప్తాను, వీళ్ల వంశంలోనే చెవుల్లేవని. ఈసారి నిజమే చెప్తున్నాను కదా."

అతనన్నది నిజం.

తలుపు తెరుచుకుంది. ఫ్రాస్కో లోపలికి వచ్చాడు. ఆదివారం వేసుకునే కోటు వేసుకున్నాడు.

"రానన్నావుగా నాన్నా."

"వచ్చాను. గుమ్మంలోనే తెలిసింది. సన్నటి తీగలు వేసి పైకి లాగావు." కూతురి ఎదుటికొచ్చి నిలబడ్డాడు. "నా గిటార్ తప్పలేదని పందొమ్మిదేళ్లు చెప్పుకుని బతికాను. ఇవాళ నువ్వు తప్పించావు."

"నీ కోసమే చేశాను."

"వాడి కోసం చేశావు. వాడికి సాకు ఇచ్చావు. ఆ సాకు పట్టుకుని వాడు హాయిగా ఇంకో పదేళ్లు బతుకుతాడు." కోటు జేబులోంచి శృతి చూసుకునే ఇనప ఫోర్కు తీశాడు. "దించు."

ఫోర్కును మోకాలికి కొట్టి, దాని కాడను గిటార్ చెక్కకు ఆనించాడు. గదంతా ఒక్క స్వరం నిలబడింది. ఎన్కార్నా బిరడాలు తిప్పింది. ఒక్కో తీగ దిగాక ఫ్రాస్కో దాన్ని వేలితో సాగదీసి వదిలి, "ఇంకాస్త" అన్నాడు. ఆరో తీగకు వచ్చేసరికి ఆ మాట అనాల్సిన పని లేకపోయింది.

"పెరికో, చెవి పెట్టి విను" అన్నాడు ఫ్రాస్కో. "చెవులు బాగున్నది నీకే కదరా."

సర్మియెంతో వంగి విన్నాడు. శృతి సరిగ్గా ఉంది, ఇక సాకు లేదు; మొహంలో నవ్వు ఇగిరిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "రెండు దగ్గర పెట్టమ్మా. ఇప్పుడు పాడాల్సిన సిగిరియాకి రెండు చాలు."

"నాలుగే మాస్ట్రో" అంది ఎన్కార్నా. "అందరి ముందూ చెప్పారు."

"వయసు చూడవే."

"కావాలంటే బయట, జనం ముందు అడగండి. పెడతాను."

అతను అడగడని ఆమెకు తెలుసు. మళ్లీ కుర్చీల్లో కూచున్నాక ముందు వరస వాళ్లంతా పట్టీవైపు చూశారు. నాలుగు. సర్మియెంతో మెడకున్న గుడ్డ సర్దుకున్నాడు.

ఎన్కార్నా బొటనవేలితో లావు తీగ మీటింది. అది నాన్న వరస, సెవీయా వాళ్లు వచ్చిన రోజున సగంలో తెగిపోయినది. పీపా చెక్కను నిప్పు మీద వంచేటప్పుడు ఒక క్షణం వస్తుంది. ఇంకొంచెం వంచితే విరుగుతుంది, వదిలేస్తే మళ్లీ తిన్నగా అయిపోతుంది. ఆ వరసలో ప్రతి స్వరమూ అక్కడ నిలబడుతుంది. నోటితో విని నేర్చుకుంది గాని, ఇంత లోతు ఉంటుందని ఎన్కార్నా కూడా ఊహించలేదు. కోపం తగ్గలేదు. ఆ కోపానికి కూర్చోడానికి చోటు దొరికింది, అంతే. హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. మనొలిత అత్త కేకలు లేకుండా, చప్పట్లు లేకుండా, మెచ్చుకోలుగా "ఓలే" అని లోపలికి ఊపిరి పీల్చుకున్నట్టు అంది. గిటార్ వాయించేవాళ్లకు ఆ హాల్లో అలాంటి ఓలే ఎప్పుడోగాని దక్కదు.

వరస ముగిసి పాటగాడికి చోటిచ్చింది. సర్మియెంతో నోరు తెరిచాడు. పైన ఆ స్వరం ఎక్కడుందో అతనికి స్పష్టంగా తెలుస్తోంది, తన గొంతు ఎక్కడిదాకా వెళ్తుందో కూడా. నోరు మూసుకున్నాడు.

పాటగాడు ముగించేదాకా గిటార్ ఆపకూడదు. అది పద్ధతి. ఎన్కార్నా తాళం తప్పకుండా ఒక చుట్టు తిప్పి మళ్లీ చోటిచ్చింది. అతను కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

"మాస్ట్రో, గిటార్ పిలుస్తోంది" అన్నాడు వెనక వరసలో ఒకాయన మెల్లగా.

ఇంకో చుట్టు. వెనక గోడ దగ్గర ఎవరో వేలి కణుపులతో బల్ల మీద తాళం వేస్తున్నారు. అదెవరో చూడ్డానికి ఆమె తలెత్తలేదు. సర్మియెంతో ఆమెవైపు తిరిగి, ముగించమన్నట్టు కళ్లతో వేడుకున్నాడు. రెండుసార్లు మీటితే చాలు, పాట అయిపోయినట్టే. జనం చప్పట్లు కొడతారు, పులుసు వడ్డిస్తారు, అతను ఇంటికి పోతాడు.

ఎన్కార్నా అతని కళ్లలోకి సూటిగా చూస్తూ, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.