చాట పెట్టినచోట

ముత్తెన్న కాంటా కొక్కేన్ని గుడ్డతో తుడిచి, సెలైన్ సీసా తగిలించి, అలవాటు కొద్దీ ముల్లు వంక చూశాడు. ఆర్మూరు మార్కెట్ యార్డులో పాతికేళ్లుగా పసుపు తూచే దడ్వాయి మరి. కొక్కేనికి ఏది వేలాడినా కళ్లు ముల్లు మీదికే పోతాయి.

నందిపేట వైపు ఊళ్లలోకి గోదావరి వచ్చి పోయింది. వచ్చిన నీళ్లు పోయాయి గానీ తాగిన నీళ్లు ఊరికే పోలేదు. వాంతులతో, విరేచనాలతో జనం ట్రాక్టర్లలో దిగుతూనే ఉన్నారు. సర్కారు దవాఖానలో ఖానా ఎన్నడూ లేదు, ఇప్పుడు దవా కూడా నిండుకుంది. మంచాలు చాలక డాక్టరమ్మ లిదియా ఖాళీ పసుపు షెడ్డునే వార్డు చేసింది. కుప్పలు పోసేచోట మనుషులు కుప్పకూలారు. సెలైన్ చూస్తే చారెడు, లైన్ చూస్తే బారెడు. మందుల లారీ నిజామాబాదు దారిలో, వాగు దిగితే గానీ రాదు.

"ముత్తెన్నా, ఎవరికి ముందు, ఎవరికి ఎనక అన్నది చెప్పి నేనటు తిరిగేసరికే అందరు మర్సిపోతున్నరు" అంది లిదియా పొద్దున్నే.

"మా లెక్క చాట పెడుదం డాక్టరమ్మా."

యార్డులో తూకానికి వంతు వచ్చిన కుప్ప మీద చాట పెడతారు. చాట ఉన్న కుప్పకే కాంటా కదులుతుంది. లిదియాకు నచ్చింది. ఆమె నాడి చూసి వేలు చూపిస్తే, ఆ మనిషి తలాపున చాట. చాట ఉన్నచోటికే సీసా.

ముత్తెన్న పరువంతా ఆ చాటలోనే ఉంది. కుప్ప రైతుదా, సేటుదా అని మొఖం చూడడు. చూస్తే చెయ్యి వంగుతుందని భయం. బావమరిది పసుపు కూడా అలాగే తూచి, ఆ ఏడు అత్తగారింట్లో అన్నం కంటే తిట్లే ఎక్కువ తిన్నాడు.

పసుపు చెరిగే భార్య భీమవ్వ అప్పుడప్పుడు దెప్పేది: "నా మొఖమన్న ఎరుకేనా నీకు? చేతిల చాట లేకుంటె గుర్తువడ్తవా?"

"చాట లేని భీమవ్వను నేనెన్నడు సూసిన?" అనేవాడు.

పొద్దుటి నుంచీ అందరి నోట్లో ఉప్పు చక్కెర నీళ్లు పోస్తూ తిరిగిన ఆ భీమవ్వే మధ్యాహ్నానికి తనూ వాంతులు పట్టుకుని కూలబడింది. ముత్తెన్న గేటు దగ్గర ట్రాక్టరు నుంచి మనుషులను దించుతున్నాడు. లిదియా అక్కడికే వచ్చింది.

"భీమవ్వకు నేనే చాట పెట్టిన. గిదొక్కటే సీసా మిగిలింది. జల్ది పో."

పాతికేళ్లలో మొదటిసారి వంతు తన ఇంటిదైంది, అదీ న్యాయంగానే. సీసా పట్టుకుని ఉరికాడు. వరుసనిండా ఈగలకు మొఖాల మీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్లు. ముత్తెన్న కళ్లు చాట కోసం వెతికాయి, దొరికింది. పక్కనున్న కాంటాకు సీసా తగిలించాడు. నర్సమ్మ సూది గుచ్చి ఇంకో వరుసకు పరుగెత్తింది. ముత్తెన్న కొంగు మీదుగానే నుదురు తాకాడు.

"జర ఓర్సుకో. లారి అస్తది."

కొంగు కింద తల ఊగింది. గేటు దగ్గర మళ్లీ హారన్ మోగింది.

ఎండ వాలకముందే లారీ వచ్చింది. మొదటి పెట్టె దించి ముత్తెన్న నవ్వుతూ అటే నడిచాడు.

"ఏమే, ఇంకొకటి ఎక్కిద్దమా?"

కొంగు తొలగించిన మొఖం ఎవరిదో. నందిపేట వైపు పిల్ల, కడుపుతో ఉంది. మధ్యాహ్నం ట్రాక్టరులోంచి తనే దించాడు. పక్క గోనె మీద భీమవ్వ. ఆమె కొంగు కదలడం లేదు.

"అవ్వనే చాట ఇటు జరిపింది కాకా" అంది ఆ పిల్ల. "కడుపుతోని ఉన్న గదా అని. నేనద్దన్న. 'సప్పుడు చెయ్యకు బిడ్డా, మా ఆయన చాటనే సూస్తడు, మొఖం సూడడు' అన్నది."

లిదియా వచ్చి భీమవ్వ మణికట్టు చాలాసేపు పట్టుకుంది. తర్వాత మెల్లగా కింద పెట్టింది.

ముత్తెన్న కొంగు తొలగించాడు. చూశాడు. ఎడమ కనుబొమ్మ పక్కన మినపగింజంత పుట్టుమచ్చ.

"గిది ఎప్పటిసంది ఉన్నది?" అని అడిగాడు.

హమాలీలు భీమవ్వను ఎత్తుకుపోయారు. పిల్ల తలాపున ఆమె చాట అలాగే ఉంది, వేళ్లు పట్టేచోట వెదురు అరిగి నున్నబడి, అల్లిక సందుల్లో ఇంకా పసుపుతో.