నాన్న గొంతుతో

బడిలో నాటకం సారు తొమ్మిదో తరగతి వాళ్లకి ఒక పని అప్పజెప్పాడు. ఇంట్లో ఎవరో ఒకరి గొంతుతో ఏకపాత్ర రాసుకొచ్చి, అందరి ముందూ నిలబడి చెప్పాలి. పెద్ద పెద్ద మాటలు వద్దనీ, ఆ మనిషి నోటివెంట వచ్చే మాటలే ఉండాలనీ మరీ మరీ చెప్పాడు.

నోరు మూతపడదని ఇంట్లో అందరూ వసపిట్ట అని పిలిచే పిల్లకి ఇదేమంత కష్టమనిపించలేదు. వాళ్ల నాన్న ఒకప్పుడు బస్సు డ్రైవరు. తొమ్మిదేళ్ల కిందట దిగుడు రోడ్డులో బ్రేకులు పడకపోతే, బస్సుని గోడకేసి తిప్పి నలభైమందిని కాపాడాడని బంధువులంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. డిపోలోనే స్పేర్ పార్టులు ఇచ్చే కౌంటర్లో కూర్చుంటున్నాడు. భయం పట్టుకుందని అందరూ అనుకున్నారు. అంత కథ ఇంట్లోనే ఉండగా ఎక్కడో వెతుక్కోవడం దేనికని, పిల్ల ఒక్క ఊపులో రెండు పేజీలు రాసేసింది.

ఆదివారం పొద్దున ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటుంటే, పక్కన స్టూలేసుకుని చదివి వినిపించింది. "బ్రేకు తొక్కాను, పడలేదు. నా ప్రాణం పోయినా సరే అనుకున్నాను" అన్నచోటికి వచ్చేసరికి ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపేశాడు.

"అది కొట్టేయమ్మా," అన్నాడు. "బ్రేకు నేను తొక్కనే లేదు."

పిల్ల నవ్వబోయి, ఆయన మొహం చూసి కాగితం ఒళ్లో పెట్టుకుంది.

చేతిలో చొక్కా మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ రోజు వరసగా రెండో డ్యూటీ. దిగుడులో కునుకు పట్టింది. గోడ తగిలాకే మెలకువ వచ్చింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. చుట్టూ మూగినవాళ్లు బ్రేకులు పోయాయా అని వాళ్లే అడిగారు, పోయాయని వాళ్లే తేల్చారు. ఆయన కాదనలేదు. వారం తిరక్కుండా, బస్సుని మళ్లీ పరీక్షించకుండానే, బయల్దేరేముందు బ్రేకులు చూసి సంతకం పెట్టిన మెకానిక్కుని ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పుడూ ఆయన నోరు విప్పలేదు.

వసపిట్టకి కోపం వచ్చింది, జాలీ వేసింది. గదిలోకెళ్లి కొత్త కాగితం తీసింది. సాయంత్రానికి అర పేజీ అయింది. ఆయన రెండుసార్లు చదివి, "నిద్ర ఆపుకోలేకపోయాను" అన్నచోట "నిద్రొస్తోందని తెలిసే నడిపాను" అని దిద్దాడు.

"నువ్వు బళ్లో చెప్పేముందు నేనొకరికి చెప్పాలి. తోడు రా," అన్నాడు.

మెకానిక్కు ఇప్పుడు రోడ్డు పక్క చిన్న గదిలో మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాడు. నాన్న గుమ్మందాకా వెళ్లి ఆగాడు. చివరికి పిల్ల రాసిన కాగితం అతని చేతికిచ్చాడు. మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకుని, వెలుతురులోకి జరిగి చదివాడు.

"నా బ్రేకులు బాగున్నాయని నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు. "నీకూ తెలుసా, లేదా అన్నదే ఇన్నాళ్లూ తెలియలేదు."

"అన్నా..." అని నాన్న ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇదే సంగతి డిపో మేనేజరుకి రాసిమ్మని, మళ్లీ పని మీదికి వంగిపోయాడు.

మర్నాడే నాన్న రాసిచ్చాడు. విచారణ జరిగింది. ఆయన్ని సస్పెండు చేశారు. మెకానిక్కు తప్పేమీ లేదని ఉత్తరం పంపి, ఉద్యోగానికి రమ్మన్నారు. అతను రానన్నాడట. అమ్మ రెండు రోజులు ఎవరితోనూ పలకలేదు. మూడో రోజు మాత్రం, మొదటే నాకు చెప్పుంటే ఇద్దరం మోసేవాళ్లం కదా అంది.

ఏకపాత్రల రోజు పిల్ల కాగితం లేకుండానే నిలబడింది. చేతులు ఊపలేదు, గొంతు పెంచలేదు. నేలకేసి చూస్తూ, తడుముకుంటూ చెప్పింది. అయిపోయాక సారు, ఇది చెబుతున్నట్టు ఇంట్లో తెలుసా అని అడిగాడు.

"మా నాన్నే చెప్పమన్నాడండి," అంది పిల్ల. ఈసారి నేలకేసి కాదు, సారు మొహంలోకి చూసి చెప్పింది.